గంటదిబ్బ నీళ్ళలో మా జయ

మురుక్కాలవ బాగుచేస్తామని మా కొట్టు ముందు నడుంలోతు గొయ్యి తవ్వారు. తవ్వినవాళ్ళు మూడు రోజుల్లో వచ్చి పూడుస్తామని చెప్పి వెళ్ళిపోయారు. విజయవాడ వన్ టౌన్‌లో మాది వలల కొట్టు. వలలు, తాళ్ళు, బెండ్లు, సీసపు గుళ్ళు అమ్ముతాం. మా నాన్న పెట్టిన కొట్టు, నేను కూర్చోబట్టి ముప్పై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప షట్టర్ దించింది లేదు. గొయ్యి దాటి వచ్చి తాడు కొనేవాడెవడూ కనిపించక, ఆ రోజు పదకొండింటికే దించేశాను.

అప్పుడు నాగమణి గుర్తొచ్చింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట గంటదిబ్బ అని చిన్న దీవి ఉంది. అక్కడి మనిషి. ఏడాదికి రెండుసార్లు మా కొట్టుకి వస్తుంది. వల దారాన్ని పంటి కింద పెట్టి కొరికి చూస్తే గాని కొనదు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: "వలలైతే అమ్ముతున్నారు గానీ, వల తడవటం ఎప్పుడన్నా చూశారా షావుకారు గారూ? ఒకసారి మా దిబ్బకి రండి." పదకొండేళ్ళుగా నవ్వి ఊరుకుంటున్నాను. ఈసారి నేనే ఫోన్ చేశాను.

"రేపే వచ్చెయ్యండి," అంది. "అమ్మగారిని కూడా తీసుకురండి. మీకు కావలసిన మంచినీళ్ళు మాత్రం మీరే తెచ్చుకోండి."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగాను గానీ నాకు ఈత రాదు. పుష్కరాల్లో కూడా పై మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకున్నవాణ్ణి. అందుకే మా జయ "నిజంగా వెళ్దామా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండా సంచి సర్దేసింది.

చల్లపల్లి దగ్గర ఇడ్లీ

బస్సు చల్లపల్లిలో కాసేపు ఆగింది. నాలుగిడ్లీ ముప్పై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత. మా వీధిలో రెండోసారి పచ్చడి అడిగితే సర్వరు మొహం అటు తిప్పుకుంటాడు. జయ పుట్టిల్లు అక్కడికి దగ్గర్లో కాలవ గట్టు మీద ఉండేది. ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, అక్కడ మావాళ్ళూ ఎవరూ లేరు. బస్సు మళ్ళీ కదిలి కాలవ వంతెన ఎక్కగానే కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది.

"అదిగో, ఆ లాకుల దగ్గరే నేను బిందెలు తీసేదాన్ని."

"బిందెలేమిటి?"

"నీళ్ళకొచ్చినవాళ్ళ చేతుల్లోంచి బిందె జారి మునిగిపోతే నన్ను పిలిచేవాళ్ళు. అడుక్కి వెళ్ళి తీసేదాన్ని. బిందెకి ఒక బెల్లమ్ముక్క."

"నువ్వా?" అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఈ మాట వినలేదు. మా ఇంట్లో నీళ్ళంటే మేడ మీద ట్యాంకూ, కింద మోటారూ. ఆ మోటారు స్విచ్ వెయ్యడం తప్ప నీళ్ళతో తనకి ఇంకో సంబంధం నేను చూడలేదు. నవ్వాను. తను నవ్వలేదు. కాలవ కనుమరుగయ్యే దాకా అటే చూస్తూ కూర్చుంది.

మడ చెట్ల మధ్య

నాగాయలంక దాటాక పంటు ఎక్కాలి. మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ మేకల్నీ కలిపి అవతలి గట్టుకి చేర్చే బల్లకట్టు అది. దిగిన చోట నాగమణి, ఆమె భర్త దేవసహాయం పడవతో ఎదురుచూస్తున్నారు. దేవసహాయం మాటలు తక్కువ మనిషి. నన్ను పడవలో ఎక్కడ కూర్చోబెడితే పడవ ఒరగదో కొలిచినట్టు చూసి, సరిగ్గా మధ్యలో కూర్చోమన్నాడు. చెప్పులు విడవమన్నాడు. పడవ ఎక్కేవాళ్ళని వెనకనుంచి పేరు పెట్టి పిలవకూడదట. మా బజార్లో వెనకనుంచి పిలవకపోతే బేరమే లేదు.

రెండు పక్కలా మడ చెట్లు. వేళ్ళన్నీ బురదలోంచి పైకి పొడుచుకొచ్చి, బోర్లించిన చీపుళ్ళలా ఉన్నాయి. ఎర్ర కాళ్ళ పీతలు మా పడవ చప్పుడుకి కన్నాల్లోకి దూరిపోతున్నాయి. నీళ్ళ రంగు మొదట టీ, తర్వాత బూడిద, ఆ తర్వాత ఉన్నట్టుండి పచ్చ. గాలిలో ఉప్పు తగిలింది. అంతవరకూ పడవ అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చున్న నేను, ఒక చెయ్యి వదిలాను.

దిబ్బ మీద నలభై ఇళ్ళుంటాయేమో. ఒక చర్చి, దానికి వందడుగుల్లో గంగమ్మ గుడి. నడకే తప్ప బండి లేదు. మంచినీళ్ళు పడవలో వస్తాయి, డబ్బా ముప్పై రూపాయలు. ఇసుకలో ట్రాక్టర్ చక్రాల జాడలాంటిది కనిపించి, "ఇక్కడికి ట్రాక్టర్ ఎలా వచ్చింది?" అని అడిగాను. నాగమణి పొట్ట పట్టుకుని నవ్వింది. గుడ్లు పెట్టడానికొచ్చిన సముద్రపు తాబేలు నడిచిపోయిన జాడ అది.

మధ్యాహ్నం మండపీతల పులుసు పెట్టింది. విజయవాడ హోటల్లో ఒక్క పీతకి తీసుకునే డబ్బుతో ఇక్కడ మేం నలుగురం కడుపు నిండా తిన్నాం. మేం చేప కొనేటప్పుడు తాజాదేనా అని అడుగుతాం. వీళ్ళు అసలా మాటే అడగరు. ఏ నీళ్ళలోది, పోటులోదా పాటులోదా అని అడుగుతారు. పోటంటే సముద్రం లోపలికి ఎగదన్నేటప్పుడు, పాటంటే వెనక్కి లాగేటప్పుడు. రుచి తేడా ఉంటుందట. నాకైతే రెండూ అమృతంలాగే ఉన్నాయి.

అత్త కథ, కోడలి కథ

దేవసహాయం తల్లి మరియమ్మకి ఎనభై దాటాయి. చూపు పోయింది. అరుగు మీద కూర్చుని, అడుగుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేస్తుంది. దీవికి గంటదిబ్బ అని పేరెందుకొచ్చిందని ఆమెని అడిగాను.

"దొరల కాలంలోనండీ, బందరు రేవుకి పోయే ఓడలో చర్చి గంట ఒకటి వస్తా ఉంది. ఇత్తడీ ఇనుమూ కలిపి పోసింది. మనిషి నిలువంత. గాలివానలో ఓడ మా మొగ దగ్గర మునిగిపోయింది. ఓడ కుళ్ళిపోయింది గానీ గంటకేం కాలేదు. దాన్ని ముట్టుకున్నోళ్ళుంటే ఆ ఏడు దిబ్బకి కరువుండదు. మా మావ ముట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవురూ లేరు."

మరియమ్మ లోపలికి వెళ్ళాక నాగమణి గొంతు తగ్గించింది. "మా అమ్మ చెప్పింది వేరేనండీ. అది గంగమ్మ తల్లి కాలి అందెలోని మువ్వ. ఓడవాళ్ళు ఎత్తుకుపోతుంటే అమ్మే ఓడని ముంచి తీసుకుంది." నాగమణి పెళ్ళయ్యాక చర్చికి వెళ్తోంది గానీ, జాతర నాడు గుడికీ వెళ్తుంది. మరి ఏది నిజం అంటే, "ఆదివారం అదీ, జాతరకి ఇదీ," అంది.

ఏ కథైనా చోటు మాత్రం ఒకటే. దీవికి దక్షిణాన, పాయ సముద్రంలో కలిసే మొగలో, రెండు నిలువుల లోతులో. అక్కడ వల చిక్కుకుంటే "గంట పట్టింది" అంటారు.

నేను విసిరిన వల

మర్నాడు పొద్దున్న దేవసహాయం నాకు విసురువల ఇచ్చాడు. మా కొట్లో కొన్నదే. ఆ వల కన్ను ఎంత, బరువెంత, ఏ మిల్లుదో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మోకాటి లోతులో నిలబడి, అతను చూపించినట్టే ఒక అంచు పంటితో పట్టుకుని, మెలితిరిగి విసిరాను. వల గొడుగులా విచ్చుకోవాలి. నాది ముద్దపప్పులా ఒక్కచోట పడింది. దాని వెనకే నేనూ పడ్డాను. లేచాక చూస్తే నోటినిండా బురద.

"అమ్మటం వేరండీ," అన్నాడు దేవసహాయం. ఆ రోజంతా అతను మాట్లాడింది అంతే.

తొమ్మిదోసారికి ఒక చేప పడింది, నా అరచేతికన్నా చిన్నది. దాన్ని పట్టుకోబోతే ముల్లు బొటనవేలిలో దిగి, వేలు వంకాయంత అయింది. నాగమణి పసుపూ సున్నమూ కలిపి కట్టింది. జయ గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టి ఆడిస్తోంది. ఎండకి ఆగలేక, అక్కడి ఆడవాళ్ళ మాదిరే చీర మీద దేవసహాయం పాత చొక్కా తొడుక్కుంది. "రండి, లోపలికి దిగుదాం," అని నన్ను పిలిచింది. నా వేలు చూపించాను.

గంట పట్టింది

మూడో రోజు పొద్దున్నే నలుగురం పెద్ద వల తియ్యడానికి వెళ్ళాం. కిందటి నెలలో నాగమణి నా దగ్గర కొన్న కొత్త వలే. ముందు రోజు సాయంత్రం పాయ మొగలో అడుగుకి దించి వచ్చారట. రాబోయే నాలుగు నెలల వేటంతా దాని మీదే. మిగతా మగవాళ్ళు తెల్లారకముందే సముద్రంలోకి వెళ్ళిపోయారు. చుట్టుపక్కల ఇంకో పడవ లేదు.

సగం వల బాగానే వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. దేవసహాయం ఎంత లాగినా పడవే ఒరుగుతోంది గానీ వల రావడం లేదు.

"గంట పట్టింది," అంది నాగమణి. ఆ మాటలో కథ చెప్పినప్పటి సరదా లేదు. పాటు అయిపోయి నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఇంకాసేపట్లో పోటు ఎక్కుతుంది. ఎక్కిందంటే ఆ తోపుడికి వల చిక్కుకున్న చోటల్లా చిరిగిపోతుంది. లేదా ముందే కోసి సగం వదులుకోవాలి.

దేవసహాయం నడుముకి తాడు కట్టుకుని, ఆ కొస నా చేతికిచ్చాడు. "ఒకసారి గుంజితే బాగున్నానని. రెండుసార్లు గుంజితే పైకి లాగండి." దూకాడు. నాగమణి గెడ బురదలో గుచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి పడవని కదలకుండా పట్టుకుంది. మొదటి మునకలో ఒక చిక్కు విడిపించాడు. రెండో మునకలో ఇంకొకటి. మూడోసారి పైకి తేలేసరికి చెవి పట్టుకుని ఉన్నాడు. మేం చేతులందించి పైకి లాగితే పడవలో పడి, కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు. కిందటేడే ఆ చెవి పాడైంది, మునగొద్దని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నాగమణికి కూడా చెప్పలేదు.

"ఇంకొక్కటే ఉంది," అంటున్నాడు లేవబోతూ. "ఒక్కటే."

"లేచావంటే చంపేస్తా!" అని అరిచింది నాగమణి. ఆమె గెడ వదిలితే పడవ కొట్టుకుపోతుంది. నా సంగతి అందరికీ తెలుసు. "పోతే పోయిందిలే. కత్తివ్వు, కోసేస్తా," అంది.

"నేను దిగుతాను," అంది జయ.

ముగ్గురం ఒక్కసారే వద్దన్నాం. అందరికన్నా గట్టిగా నేనే అరిచాను. "నీకు యాభై ఏళ్ళు. అది కాలవ కాదు."

"లోతు అంతే కదా," అంది. అప్పటికే చీర విప్పి మడిచి పడవలో పెట్టేసింది. చొక్కా కొసలు ముడేసి, లంగా మోకాళ్ళ మధ్యనుంచి తీసి నడుంలో దోపింది. ఎన్నో ఏళ్ళు చేసి మధ్యలో మర్చిపోయిన పనిని చేతులు వాటంతటవే గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది. దేవసహాయం ఒక క్షణం ఆమె నిలబడ్డ తీరు చూశాడు. తాడు విప్పి తనే ఆమె నడుముకి కట్టి, కత్తి అందులో దోపాడు.

"వల మీద చెయ్యి వెయ్యకండి అమ్మగారూ. అడుగు తాడు మీదే చెయ్యి. కాళ్ళు ఆడించారంటే వల చుట్టుకుంటుంది."

మొదటిసారి వెళ్ళి తొందరగానే దగ్గుతూ పైకొచ్చింది. "ఏం కనపడదు. అంతా బురదే. చేత్తోనే చూడాలి." చాలు, వచ్చెయ్యమన్నాను. నా వంక చూసి, "మీరు తాడు చూసుకోండి," అని మళ్ళీ మునిగింది.

నేను లెక్కపెడుతున్నాను. ఇరవై. ముప్పై. తాడు నా వేళ్ళ మధ్య నెమ్మదిగా జారుతోంది. ముప్పై ఐదు దగ్గర ఒక గుంజు వచ్చింది. రెండోది రాలేదు. నా చేతులు లాగడానికి సిద్ధమైపోయాయి.

"లాగొద్దు!" అని అరిచింది నాగమణి. "ఒక్కటేగా వచ్చింది! పని మీదుంది. ఇప్పుడు లాగితే వలలో పడిపోద్ది!"

జీవితంలో నేను చేసిన కష్టమైన పని ఏదంటే, ఆ తాడు లాగకుండా పట్టుకుని ఉండడం. నలభై. నలభై ఐదు. నీళ్ళు నున్నగా ఉన్నాయి, ఒక్క బుడగ లేదు. అప్పటికే పోటు మొదలై బెండ్లు ఒక పక్కకి ఒరుగుతున్నాయి. యాభై తర్వాత అంకెలు గుర్తు రాలేదు.

ముందు వల కదిలింది. బిగిసి ఉన్న తాడు సడలి, మునిగిపోయిన బెండ్లు ఒక్కొక్కటే టపటపా పైకి తేలాయి. ఆ తర్వాత, నేను చూస్తున్న వైపు కాదు, పడవకి అవతలి వైపు జయ తల లేచింది. జుట్టంతా మొహం మీద, దాన్నిండా బురద. గట్టిగా గాలి పీల్చి, ఉమ్మి, మావైపు చూసి పెద్దగా నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల నవ్వు. నేనెప్పుడూ చూడనిది.

"వదినా!" అని కేక పెట్టింది నాగమణి. అంతవరకూ అమ్మగారు. ఆ క్షణం నుంచి వదిన.

వలలో పండుగప్పలు రెండు, ఇంకా తట్టెడు చిన్న చేప. దేవసహాయం వల మొత్తం తడిమి చూసి, రెండు చోట్లే చిరిగింది, కుట్టుకోవచ్చన్నాడు. చెవిలో దూది పెట్టుకుని, ఆ సాయంత్రమే అవనిగడ్డ వెళ్ళి డాక్టరుకి చూపించుకుంటానని నాగమణికి ఒట్టేశాడు. వెళ్ళాడు కూడా. కొన్నాళ్ళలో మానుతుందనీ, ఇక మునిగితే వినపడదనీ చెప్పారట.

మరియమ్మ ప్రశ్న

మేం గట్టెక్కేసరికే మరియమ్మకి సంగతి తెలిసిపోయింది. జయని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెయ్యి తీసుకుని వేళ్ళన్నీ ఒక్కొక్కటీ తడిమింది. గుల్లలు గీరుకుని వేళ్ళ కొసలు చిట్లి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"తుప్పు వాసన," అంది. "గంటేనా అమ్మా?"

దీవిలోని ఆడవాళ్ళంతా గుమిగూడి వింటున్నారు. జయ అబద్ధం చెప్పే మనిషి కాదు. నాకు భయం వేసింది.

"ఏమో పెద్దమ్మా, కళ్ళకి కనపడలేదు. ఇనుమే. గుండ్రంగా, పెద్దగా ఉంది, చేతులు రెండూ చాపినా అందలేదు. గుల్లలు పట్టేసి ఉంది. తాడు దాని అంచు కింద ఇరుక్కుంది. విడిపించాక కత్తి పిడితో ఒక్కటి కొట్టాను."

"మోగిందా?"

"నీళ్ళలో ఏం వినపడుతుంది? చేతికి మాత్రం జుమ్మంది. భుజం దాకా."

మరియమ్మ చెయ్యి జయ భుజం దాకా తడుముతూ పోయింది. తర్వాత చూపులేని కళ్ళతోనే నవ్వి, "మా మావా అదే చెప్పాడు," అంది. "భుజం దాకా."

ఆ మధ్యాహ్నం చర్చి మెట్ల మీదా గుడి ముందూ కూడా కొబ్బరికాయలు కొట్టారు. పండుగప్ప ఒకటి ముక్కలు చేసి ఇంటింటికీ పంపారు. జయ వేళ్ళకి గుడ్డలు చుట్టుకుని, అయినా ఊరుకోక, నాగమణితో కలిసి పాయలో సాయంత్రం దాకా ఈదింది. నేను గట్టున కూర్చుని ఇద్దరి చీరలకీ కాపలా కాశాను.

పంటు మీద

మర్నాడు తిరుగు ప్రయాణం. పంటులో మా పక్కన మంచుపెట్టె కట్టిన మోటారు సైకిల్‌తో ఒకాయన నిలబడ్డాడు. దీవుల్లో రొయ్యలు కొని నాగాయలంకలో అమ్ముతాడట. ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగాడు. గంటదిబ్బ అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే వినే ఉంటారు. గంట మోగిందండీ అక్కడ!"

"అలాగా?" అంది జయ. చీర కట్టుకుని, జడేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. గుడ్డలు చుట్టిన వేళ్ళు సంచి కిందికి పోనిచ్చింది.

"బెజవాడ నుంచి ఎవరో ఆడమనిషి వచ్చిందంటండీ. ఆరడుగులంట. నీళ్ళలోకి దూకి, పావుగంట పైకి రాలేదంట. గంటని రెండు చేతుల్తో ఎత్తి మోగించి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టి వచ్చిందంట. చర్చిలో పాస్టరు గారికి కూడా వినపడిందంట."

"అబ్బో!" అంది జయ. "ఆవిడ ఒక్కతే వచ్చిందా?"

"లేదండీ, మొగుడు కూడా ఉన్నాడంట. ఆయనకి ఈత రాదంట పాపం. ఆవిడ నీళ్ళలో ఉన్నంతసేపూ పడవలో కూర్చుని తాడు పట్టుకుని ఏడ్చాడంట."

జయ నావైపు తిరిగింది. నేను మడ చెట్లవైపు తిరిగాను. అంత కథలోనూ అక్షరం పొల్లు పోకుండా నిజమైంది ఆ ఒక్క ముక్కే.